మైదుకూరు దగ్గర కరిగిన ఐసు

2023 మే నెల. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. రోగి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పే ఉద్యోగం. వినడానికి గౌరవంగానే ఉంటుంది కానీ, ఇన్నేళ్లలో నేను చేసిన పనిలో ముప్పాతిక భాగం ఒక్క మాటే: మానెయ్యండి. షుగరా, తెల్లన్నం మానెయ్యండి. బీపీయా, ఊరగాయ మానెయ్యండి. కిడ్నీలో రాయా, టమోటా మానెయ్యండి. జనం బుద్ధిగా తల ఊపి వెళ్తారు, ఇంటికెళ్లి అన్నీ తింటారు. వాళ్లను తిట్టుకుంటూ నేను మళ్లీ అదే మాట ఇంకొకరికి చెబుతాను. ఆ ఎండాకాలానికి నాకు నా మాట మీదే విసుగు పుట్టి ఉంది.

అలాంటి రోజుల్లో దీవెనమ్మ నా గదికి వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి, గట్టి చేతులు, నూనె రాసి బిగించిన ముడి. పత్తికొండ దగ్గర పల్లె. చర్చి పక్క వీధిలో పుట్టి పెరిగింది. కూలి పనుల నుంచి హాస్టల్ వంటకు, హాస్టల్ నుంచి ఓర్వకల్లు దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌ వంటగదికి వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీ కడుతున్న జపాన్ ఇంజినీర్లు ఆ గెస్ట్‌హౌస్‌లో ఉంటారు. మా చర్మవ్యాధుల డాక్టరుగారు ఆమెను చూసి, ఆహారం సంగతి చెప్పమని నా దగ్గరికి పంపారు.

"ఏం తింటే ఇలా అవుతోందమ్మా?" అని అడిగాను.

"పచ్చి సేప మేడమ్. తిన్న కొంచేపటికే మొగమంతా ఎర్రగయితాది. తల పగిలిపోతాది. గుండె దడదడా కొట్టుకుంటాది. ఒళ్లంతా గోకుడు."

"పచ్చి చేపంటే?"

"పచ్చి అంటే పచ్చే. పొయ్యి మీద పెట్టంది. కోసి అట్లనే తట్టలో పెట్టేది."

నేను కోమట్ల ఇంట పుట్టి కోమట్ల ఇంట మెట్టినదాన్ని. వండిన చేపే ఏనాడూ నోట పెట్టలేదు. ఇక పచ్చిది తింటారంటే నమ్మబుద్ధి కాలేదు. అది ముఖంలో కనబడనివ్వకుండా, "ఎందుకు తినడం అసలు?" అన్నాను.

"అది నా పని."

గెస్ట్‌హౌస్‌లో మోరి అనే జపాన్ వంటాయన ఉండేవాడట. ఈమె ఆయన చేతి కింద ఉల్లిగడ్డలు తరగడంతో మొదలుపెట్టి చేప కోయడం దాకా నేర్చుకుంది. ఆయన వంటగదిలో ఒక కట్టడి ఉంది. వండిన మనిషి తినంది ఏదీ బల్ల మీదికి పోకూడదు. ప్రతి చేప నుంచి మొదటి ముక్క వంటమనిషి నోట్లోకే.

"మొదుటిసారి యేసయ్యా అనుకోని మింగితి మేడమ్. రెండోసారి నమిలితి. రానురాను తెలిసొచ్చె, ఏ సేప బాగుండాది, ఏది బాగల్యా అని. హాస్టల్లో అంతమందికి వండితి గదా, ఒక్క దినమన్నా ఎవురూ నన్ను 'ఉప్పు సరిపోయినాదా దీవెనమ్మా' అని అడగల్యా. ఈ ముసలాయన నేను రుచి సూస్తాంటే చేతులు కట్టుకోని పక్కన నిలబడుకోనుండె. నేను సరే అంటే సరే. వద్దంటే ఆ పూట ఆ సేప ల్యా."

ఉగాది అయ్యాక మోరి తన దేశం వెళ్లిపోయాడు. పోతూ పోతూ, వంటగది ఈమె చేతిలో పెట్టమని చెప్పి వెళ్లాడు. సరిగ్గా ఆ తర్వాతే ఈ తంటా మొదలైంది. మొదట్లో ఎండ అనుకుంది. ఆ తర్వాత మందుల షాపులో అలర్జీ మాత్రలు కొని, రుచి చూసే ముందు ఒకటి మింగడం మొదలుపెట్టింది. ఆ మాత్రకు మత్తు వచ్చి ఒకరోజు చేపతో పాటు బొటనవేలు కోసుకోబోయింది. అప్పుడు మేనేజరు చూశాడు. ఆయన రాజంపేట మనిషి, చెడ్డవాడేం కాదు. పచ్చి చేప తినగలవని ఆసుపత్రి నుంచి రాయించుకొస్తే వంటగదికి పెద్దదానివి నువ్వే, లేదంటే హైదరాబాదు హోటలు నుంచి ఒకాయన్ని రప్పిస్తాను, నువ్వు మళ్లీ ఉల్లిగడ్డలు తరుక్కో అన్నాడు.

డాక్టరుగారు అప్పటికే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశారు. చేతి మీద చేప సారం చుక్క వేసి సూదితో సన్నగా గీరితే, అలర్జీ ఉన్నవాళ్లకు అక్కడ దద్దురు లేస్తుంది. ఈమెకు లేవలేదు. అంటే చేపకు అలర్జీ కాదు. చీటీలో హిస్టమిన్ ఇంటాలరెన్స్ అని అనుమానం రాశారు. హిస్టమిన్ మన ఒంట్లోనూ ఉంటుంది, కొన్ని తిండ్లలోనూ ఉంటుంది. తిండితో పాటు వచ్చినదాన్ని పేగులో ఒక ఎంజైమ్ విరిచేస్తుంది. కొందరికి ఆ ఎంజైమ్ తక్కువ. నలుగురూ తిని అరిగించుకునేది వాళ్లకు అరగదు, ముఖమ్మీదికి ఎక్కుతుంది. చీటీ చివర ఇంగ్లీషులో చేపలు మానాలని ఉంది.

నా నోటికి అలవాటైన మాట రానే వచ్చింది. "మానెయ్యడమే మంచిదమ్మా."

దీవెనమ్మ కుర్చీలోంచి లేవలేదు. తల కూడా ఊపలేదు.

"నువ్వు సేప తింటావా మేడమ్?"

"తినను."

"ఎప్పుడన్నా తింటివా?"

"లేదు."

"మానేది ఏమన్నా ఉంటే గదా మానేది ఎట్లుంటాదో తెలిసేది. నేను మానను. మానమని చెప్పేటోళ్లు మా ఈదిలోనే శానామంది ఉండారు. దానికి ఓర్వకల్లు నుంచి బస్సెక్కి నీకాడికి రావల్లనా? ఏంటికి ఇట్లయితాందో సెప్పు."

నాకు కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని, పైగా వయసులో పెద్దదాన్ని. కానీ ఆ కోపం ఆమె మీద ఎక్కువసేపు నిలవలేదు. ఆమె అడిగింది నేను చదువుకున్న ప్రశ్న. నేను చెప్పింది వీధిలో ఎవరైనా చెప్పే జవాబు. సరేనని బయట వరసలో ఉన్నవాళ్లను కాసేపు ఆగమని చెప్పించి, మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు చేపలు తింటే ఏమైనా అయ్యేదా? తుంగభద్ర చేపలకు ఏమీ అయ్యేది కాదు. సంతలో కొన్న ఎండుచేపలు తిన్నప్పుడు మాత్రం తలనొప్పి వచ్చేది. ఇంట్లో అందరూ పనికి ఎగనామం పెట్టడానికి వేషాలనుకునేవాళ్లు. ఎండుచేపల్లో హిస్టమిన్ ఎక్కువగా ఉండటం మామూలే. డాక్టరుగారి అనుమానం తప్పు కాదన్నమాట. మరి మోరి ఉన్నన్నాళ్లూ ఇదే పచ్చి చేప, ఇదే ట్యూనా, కోస్తావాళ్లు సూర చేప అంటారు చూడండి, అది తిన్నప్పుడు?

"ఒక్కనాడన్నా ఏం కాల్యా."

"ఇప్పుడు చేప వేరే చోట నుంచి వస్తోందా?"

"ల్యా. అదే మద్రాసు బండి. అదే పెట్టె."

చేప అదే, ఒళ్లూ అదే, మారింది వంటమనిషి ఒక్కరే. అక్కడేదో జరుగుతోంది, అది ఆమె నోటితో చెబితే తెలిసేది కాదు. మనం రోజూ చేసే పని మనకు పనిలా కనబడదు. చూడాలి.

మా అత్తగారికి సంగతి చెబితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది. చేపల వంటింట్లోకి పోయొచ్చి స్నానం చెయ్యకుండా గడప తొక్కొద్దని హెచ్చరించింది. స్నానం చేస్తానని మాటిచ్చి, మరుసటి రోజు పొద్దున్నే ఆసుపత్రి వంటగదిలో మేము వాడే థర్మామీటరు సంచిలో వేసుకుని ఓర్వకల్లు బస్సెక్కాను.

మద్రాసు బండి వచ్చింది. తిరుపతి, రాజంపేట, కడప, మైదుకూరు, నంద్యాల మీదుగా వచ్చే బండి. థర్మోకోల్ పెట్టె మూత తీస్తే లోపల ఐసు గడ్డకట్టే ఉంది. థర్మామీటరు గుచ్చితే సున్నాకు దగ్గర. ఎక్కడా తప్పు లేదు. దీవెనమ్మ చేపను ఎత్తి, ఒక పాపను స్నానానికి తీసుకెళ్లినంత జాగ్రత్తగా తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. రాళ్లుప్పు, పసుపు రాసింది. కడిగింది. మళ్లీ రాసింది, మళ్లీ కడిగింది. తర్వాత వెదురు తట్టలో పెట్టి, మీద తడిగుడ్డ కప్పి, కిటికీ గట్టు మీద ఉంచింది. కిటికీ అవతల ఓర్వకల్లు కొండరాళ్లు ఎండకు కాలుతున్నాయి. వడగాలి నేరుగా తట్ట మీదికి కొడుతోంది.

"అక్కడెందుకు పెట్టావు?"

"నీసు నీల్లు కారిపోవల్ల గదా మేడమ్. అప్పుడే సేప బాగుంటాది. మాయమ్మ మసాలా నూరేంతసేపు ఇట్లనే పెడతాండె."

"మోరి కూడా ఇలాగే చేసేవాడా?"

"ఆయప్పకు నీసు పట్టదులే. పెట్టెలోంచి ఫ్రిజ్జిలో పెట్టు, ఫ్రిజ్జిలోంచి తీయి, కొయ్యి, పెట్టు. అంతే. కడిగేది గూడా అరకొరే."

"మరి నువ్వు ఆయన నేర్పినట్టే చెయ్యొచ్చు కదా?"

దీవెనమ్మ నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది. "ఆయన చేసినట్టే చేస్తే అది ఆయన వంటగదే అయితాది గదా. నాదెట్లయితాది?"

అన్నం, పులుసులు, మిగతావన్నీ అయ్యేదాకా ఆ తట్ట కిటికీలోనే ఉంది. కోయబోయే ముందు ఆపి థర్మామీటరు గుచ్చాను. ఇరవై ఏడు డిగ్రీలు. వడ్డించే అబ్బాయి పక్కనుంచి, ఈమధ్య ఇద్దరు ముగ్గురు జపాన్ సార్లకు కూడా భోజనమయ్యాక ముఖం ఎర్రబడుతోందని, మన ఎండ వాళ్లకు పడదు పాపమని చెప్పాడు. నేను మళ్లీ తట్ట వైపు చూశాను. ఎండ కాదు. ఈమెకు ముందు తెలుస్తోంది, వాళ్లకు కొంచెం వెనక తెలుస్తోంది, అంతే తేడా. ఆ పూట ఆ చేప పారేయించాను.

సముద్రపు చేపల్లో, అందులోనూ సూర లాంటి ఎర్రమాంసం చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. చేప వెచ్చబడితే అందులోని బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒకసారి తయారైందా, మళ్లీ ఐసులో పెట్టినా పోదు, పొయ్యి మీద పెట్టినా పోదు. చాలాసార్లు రంగూ మారదు, వాసనా రాదు. అందుకే మా భాషలో కోల్డ్ చైన్ అంటాం. పడవ నుంచి బల్ల దాకా చల్లదనం ఎక్కడా తెగకూడదు. మద్రాసు నుంచి ఇంతదూరం తెగకుండా వచ్చిన చల్లదనం చివరికి కిటికీ గట్టు మీద తెగిపోతోంది. పచ్చి చేప కాదు ఆమెకు పడనిది. వెచ్చబడిన చేప.

ఇదంతా చెబితే దీవెనమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ముఖం గంటు పెట్టుకుంది.

"అంటే మాయమ్మ కడిగేది తప్పంటాండావా?"

"తప్పనలేదు, ఇక్కడ..."

"మాయమ్మ చేతి సేప తిని ఎవురూ సావల్యా. సేప ముట్టనిదానివి, వాసన సూడనిదానివి, నువ్వొచ్చి మా శుభ్రానికి వంకలు పెడతాండావు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆమె ఒక పక్క, నాలుగని నేనొక పక్క. మొండితనంలో నేనేం తక్కువ తినలేదు. "ముట్టను. ముట్టకుండానే చెబుతున్నాను, విను," అన్నాను. "మీ అమ్మ తెచ్చింది ఏటి చేప. అందులో ఈ పదార్థం తక్కువ. పైగా మసాలా నూరడం అయిన వెంటనే మరిగే చింతపులుసులో వేసేది. మీ అమ్మ చేపకు మీ అమ్మ చేసిందే సరైన పని. ఇది సముద్రం చేప, పొయ్యి ఎక్కదు. దీనికి శుభ్రం అంటే చలి. ఉప్పు కాదు, పసుపు కాదు."

దీవెనమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. తట్ట తీసి బోర్లించింది.

"చలి ఒక్కటే పెట్టి తింటే ఏం కాదంటాండావు. సూపీ మరి."

చూపించాలంటే ఓరల్ ఫుడ్ ఛాలెంజ్ చెయ్యాలి. అంటే అనుమానమున్న తిండిని ఆసుపత్రిలోనే, డాక్టరు ఎదుట, ముందు ఇసుమంత, ఏమీ కాకపోతే మరికొంచెం ఇస్తూ చూడటం. పక్కన ఇంజెక్షన్లు, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. అలర్జీ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి. ఇళ్లలో చేసుకునే పని కాదు, ఎవరూ చెయ్యొద్దు. డాక్టరుగారు మొదట ఒప్పుకోలేదు. మానితే పోయేదానికి ఇంత హంగామా దేనికన్నారు.

"మానితే పోయేది ఆమె వంటగది సార్," అన్నాను. "జబ్బు మనం చూస్తున్నాం. ఆ పోయేది కూడా చూడాలి కదా." నేను డాక్టర్లతో అలా మాట్లాడే మనిషిని కాదు. ఆయన నన్ను చూసి, చీటీ చూసి, సరే అన్నారు. మంచి మనిషి. ప్రిక్ టెస్టులో దద్దురు లేవకపోవడం కూడా ఆయనకు ధైర్యమిచ్చింది.

ఐసులోంచి నేరుగా ఫ్రిజ్జిలోకి, ఫ్రిజ్జిలోంచి నేరుగా మా డే కేర్ గదికి చేప వచ్చింది. గోరంత ముక్కతో మొదలుపెట్టాం. ఆగాం. ఇంకొంచెం. ఆగాం. మామూలుగా ఆమె రుచి చూసేంత ముక్క అయింది, దానికి రెండింతలూ అయింది. సిస్టర్ బీపీ చూస్తూనే ఉంది. నేను ఆమె ముఖం మీద నుంచి కన్ను తిప్పలేదు. చెంపలు ఎర్రబడలేదు. తల నొప్పి లేదు. దడ నాకే ఉంది.

డాక్టరుగారు చాలన్నారు.

"ఇంగొక ముక్క పెట్టుండ్రి సార్," అంది దీవెనమ్మ. "ఇన్నాళ్లకు నెమ్మదిగా తింటాండా." ఆ మాట అనేసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

డాక్టరుగారు కాగితం రాశారు. చల్లదనం తెగని చేప ఈమె తినవచ్చు, వెచ్చబడినది ఈమే కాదు ఎవరూ తినకూడదు అని. మేనేజరు దాన్ని రెండుసార్లు చదువుకుని ఇదేం కాగితం అన్నాడు. అవునో కాదో ఒక్క ముక్కలో ఉంటుందనుకున్నాడు పాపం. ఆ వారంలోనే జపాన్ నుంచి కంపెనీ పెద్దలు భోజనానికి వస్తున్నారని, ఆ మధ్యాహ్నం ఆమె తిని, వాళ్లకు పెట్టి, ఏమీ కాకుండా నిలబడితే వంటగది ఆమెదేనని చెప్పాడు. ఎందుకైనా మంచిదని ఆసుపత్రి నుంచి ఎవరినైనా ఉండమన్నాడు. నేనూ, ఒక సిస్టరూ వెళ్లాం.

ఆ పొద్దున మద్రాసు బండి వేళకు రాలేదు. మైదుకూరు దగ్గర చెడిపోయి రోడ్డు పక్కన ఎండలో నిలబడిపోయిందని డ్రైవరు ఫోన్ చేశాడు. వచ్చేసరికి పెద్దలు బట్టలు మార్చుకుని భోజనాలకు తయారవుతున్నారు. దీవెనమ్మ పెట్టె మూత తీసింది. ఐసు లేదు. నీళ్లున్నాయి, నీళ్లలో చేప ఉంది. నన్ను అడగకుండానే నా సంచిలోంచి థర్మామీటరు తీసుకుని గుచ్చింది. పంతొమ్మిది.

మేనేజరు వంగి వాసన చూశాడు. "బ్రహ్మాండంగా ఉండాది కదమ్మా. ఏం వాసన లేదు."

"వాసన రాదంట సార్."

"సరే, నువ్వు తినొద్దు. నీకు పడదు, ఒప్పుకుంటా. వాళ్లకు పెట్టు. వాళ్లకేం జబ్బు లేదు కదా. మొన్నటిదాకా నువ్వు పెట్టింది ఏంది? కిటికీలో పెట్టిన చేపే కదా."

ఆ మాట ఆమెకు తగిలింది. ముఖం చూస్తేనే తెలిసింది. తగిలినా తగ్గలేదు.

"మొన్నటిదాంకా తెల్దు సార్. ఇప్పుడు తెల్సు."

"పోనీ వేయించి పెట్టు. వేడికి అన్నీ చస్తాయి."

"ఇది చావదు," అన్నాను నేను. "నూనెలో వేయించినా అలాగే ఉంటుంది."

మేనేజరు నా వైపు తిరిగాడు. ఆయనకు ఆ రోజు పులి మీద పుట్రలా నేను తగిలాను. "మేడమ్, మీరు చేప తింటారా అసలు?"

"తినను. విషం కూడా తినను. అయినా అది విషమని తెలుసు."

ఆయన దీవెనమ్మ వైపే తిరిగాడు. గొంతు తగ్గించి, బతిమాలినట్టే చెప్పాడు. ఈ పూట చేప పోకపోతే తన మాట పోతుందని, రేపే హైదరాబాదు మనిషికి ఫోన్ చెయ్యక తప్పదని, ఆ తర్వాత తననేం అనుకోవద్దని. అబద్ధం కాదు. ఆయన ఉద్యోగం ఆయనది.

దీవెనమ్మ రెండు చేతులూ పెట్టె అంచు మీద పెట్టి చేపను చూస్తూ నిలబడింది. తినకుండా పెట్టేస్తే బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. వాళ్లకు బహుశా ఏమీ కాదు, అయినా ఎండ అనుకుంటారు. వంటగది ఆమెది అవుతుంది. నేను ఒక మాట కూడా సాయం చెయ్యలేదు. చెయ్యకూడదు, అది ఆమె పొయ్యి.

ఆమె పెట్టె ఎత్తుకెళ్లి పెరట్లో చెత్తడబ్బాలో చేపను ఒంపేసి, ఖాళీ పెట్టె తెచ్చి గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుని, కొంగు దోపి, భోజనాల గదిలోకి నడిచింది. మేనేజరు వెనకే పరుగెత్తాడు. ఆయన వెనక నేను. పెద్దలంతా కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ల ఎదురుగా నిలబడి, తనకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది.

"టుడే ఫిష్ నో గుడ్. ఐ నో ఈట్. యూ నో ఈట్."

అందరిలోకీ పెద్దవాడిలా ఉన్న ఒకాయన లేచి వంటగదిలోకి వెళ్లాడు. ఖాళీ పెట్టె అడుగున మిగిలిన నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. మేనేజరును, బండి ఎక్కడ ఆగిందని ఇంగ్లీషులో అడిగాడు. మైదుకూరు అని చెబితే ఆ ఊరి పేరుకు ఆయన నోరు తిరగలేదు. తిరిగొచ్చి తన చోట కూర్చుని, ఇంకేముందో పెట్టమని సైగ చేశాడు.

రాగిసంగటి ఉంది, నాటుకోడి పులుసు ఉంది, చెనిక్కాయల పచ్చడి ఉంది. పనివాళ్ల కోసం చేసుకున్నవి. ఆమె అన్నిట్లోంచీ ముందు ఒక్కో ముద్ద తిని, తర్వాత వడ్డించింది. పెద్దలు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నారు. ఆ రోజు వాళ్ల ముఖాలు ఎర్రబడిన మాట నిజమే, అది మాత్రం నిఖార్సయిన కర్నూలు కారం.

హైదరాబాదు మనిషికి ఫోన్ పోలేదు. ఆ పెద్దాయన వెళ్తూ, వంటమనిషిని మార్చొద్దు, బండిని మార్చండి అని చెప్పి వెళ్లాడట. మేనేజరే ఈ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం నవ్వుతూ. "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు మేడమ్, మొండిదాని గురించి ఎవరూ చెప్పలేదు," అన్నాడు. ఇప్పుడు ఆ వంటగదిలో పెట్టె వచ్చిన వెంటనే ముందు ఐసు చూస్తారు, తర్వాతే సంతకం పెడతారు. దీవెనమ్మ ఎండుచేపలూ, నిలవ పులుసులూ ముట్టదు. అవి తనకు పడవని ఒప్పుకుంది, ఆ మానడం గురించి ఆమెకు బాధేమీ లేదు. నేనింకా చేప తినలేదు, తినను. అదీ ఆమె ఒప్పుకుంది.

తోటి డైటీషియన్లు కొందరు నన్ను ఇప్పటికీ అడుగుతారు, అంత రిస్కు దేనికి, మానెయ్యమని రాసి పంపితే సరిపోయేది కదా అని. సరిపోతుంది, మనకు. మానెయ్యమని రాసినందుకు మనల్ని ఎవరూ నిలదీయరు. తేడా వస్తే రోగి తిన్నాడంటాం, రాకపోతే మన గొప్పంటాం. మానాల్సినవి ఉంటాయి, కాదనను, అవి ఇప్పటికీ గట్టిగానే చెబుతాను. కానీ ఇప్పుడు ఎవరినైనా ఏదైనా మానమనే ముందు, అది వాళ్ల నోటి దాకా ఏ దారిన వచ్చిందో, ఎక్కడెక్కడ ఆగిందో అడుగుతాను. వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. మానెయ్యమన్న కాగితం పట్టుకుని తల ఊపి వెళ్లిపోయిన ఎంతోమంది ఏం పోగొట్టుకున్నారో నాకు తెలియదు. దీవెనమ్మ తల ఊపలేదు కాబట్టి, ఒక్కరి సంగతి తెలిసింది.